బ్యాంకు ఖాతాతో వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్‌ను నమ్ముకుని అమ్మానాన్నలను అమెరికా పంపొచ్చా?

మీరు అడిగింది ఇది: నల్గొండలో మీ బ్యాంకువాళ్లు సేవింగ్స్ ఖాతాను ప్రీమియం ఖాతాగా మార్చుకోమంటున్నారు. బ్యాలెన్స్ కొంచెం ఎక్కువ ఉంచితే కార్డుతో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫ్రీ అంటున్నారు. డిసెంబర్‌లో మీ అమ్మానాన్నలు అమెరికా వెళ్తున్నారు, విడిగా పాలసీ అవసరమా అని.

అవసరమేనండి, తప్పకుండా తీసుకోండి. మూడేళ్ల కింద సరిగ్గా ఇదే మాట నమ్మి మేం దెబ్బతిన్నాం.

మా చెల్లె డల్లాస్‌లో ఉంటుంది. దాని పురుటికి అమ్మానాన్నలు మొదటిసారి విమానమెక్కారు. నాన్న రిటైర్డ్ టీచర్, పెన్షన్ పడే ఖాతాకు మంచి కార్డే ఇచ్చారు. ప్రయాణానికి ముందు బ్రాంచికి వెళ్లి అడిగితే, "కార్డు మీద ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, మళ్లీ వేరే పాలసీ ఎందుకు, డబ్బులు దండగ" అన్నారు. నాకూ సబబుగానే తోచింది.

వెళ్లిన మూడో వారంలో నాన్న గ్యారేజీ మెట్టు దిగుతూ జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, నాలుగు గంటల్లో పంపించేశారు. బిల్లు 3,800 డాలర్లు, మన డబ్బుల్లో మూడు లక్షల పైమాట. పసిబిడ్డను పెట్టుకుని చెల్లెవాళ్లే కట్టారు. నాన్నకు చెయ్యి నొప్పి కన్నా ఆ బాధే ఎక్కువైంది.

నేను ఇక్కడ బీరువాలో చెక్‌బుక్ కింద ఉన్న కార్డు కవరు తీశాను. అందులో అరచేతంత కాగితం, ఎనిమిది మడతలు, నువ్వుగింజలంత అక్షరాలు. భూతద్దం పెట్టి చదివితే తెలిసింది: అది విమాన ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా ఇచ్చే బీమా. సామాను పోతే కొంత ఇస్తారట. వైద్య ఖర్చులు అన్న మాటే లేదు. ఆ ఉన్నదానికి కూడా టికెట్ అదే కార్డుతో కొని ఉండాలి. మేం హైదరాబాద్ ఏజెంటు దగ్గర నా ఖాతా నుంచి డబ్బు పంపి కొన్నాం. ఇంకో సంగతి, ఖాతా ఇద్దరి పేరు మీదా ఉన్నా బీమా కార్డున్న మనిషికే. అమ్మకు ఏమీ లేనట్టే. ఇవన్నీ ముందే రాసి పెట్టినవి కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా దారి లేకపోయింది.

ఒకటి గమనించండి. ఇలాంటి బీమా మీరు కొన్న పాలసీ కాదు. బ్యాంకు తన ఖాతాదారులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీ. వచ్చే ఏడు షరతులు మారొచ్చు, మొత్తానికే తీసేయొచ్చు. అందుకే కౌంటర్లో "ఇన్సూరెన్స్ ఉందా" అని అడిగితే లాభం లేదు, ఉందనే అంటారు. "జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరితే ఎంత ఇస్తారు? మా అమ్మకు వర్తిస్తుందా? ఆ కాగితం ఇవ్వండి" అని అడగండి. ఈ ఇన్సూరెన్స్ కోసమే అయితే మాత్రం ఎక్కువ బ్యాలెన్స్ ఉంచకండి.

యూరప్‌కు షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి కాబట్టి అందరూ తీసుకుంటారు. అమెరికా విజిటర్ వీసాకు అలా అడగరు, అందుకే మనవాళ్లు వదిలేస్తారు. ఆస్పత్రి బిల్లు భయం మాత్రం అక్కడే ఎక్కువ. పాలసీ ఫారంలో బీపీ, షుగర్ ఉంటే దాచకండి. ప్రీమియం నాలుగు రూపాయలు పెరిగినా పెరగనీయండి. పాత జబ్బు తిరగబెడితే ఎంతవరకు ఇస్తారు, మన చేతి నుంచి ముందు ఎంత పెట్టుకోవాలి అన్న రెండూ కొనేముందే చదవండి. నాన్నావాళ్లు రెండోసారి వెళ్లినప్పుడు నేనే దగ్గరుండి తీసుకున్నాను. ఇద్దరికీ కలిపి ప్రీమియం ఆ బిల్లులో ఆరో వంతు కూడా కాలేదు.

అట్లని బ్యాంకు ఖాతాతో వచ్చే ప్రతి బీమా పనికిరాదని కాదు. మన నల్గొండ జిల్లా వాళ్లం ఎక్కువగా తిరిగేది విమానాల్లో కాదు, హైదరాబాద్–విజయవాడ హైవే మీద. మా పొలం కౌలుకు చేసిన అతను రెండేళ్ల కింద నకిరేకల్ దగ్గర బండి మీద పోతుంటే లారీ గుద్ది చనిపోయాడు. దినాలయ్యాక అతని భార్య పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఏటా ఇరవై రూపాయలు కట్ చేస్తున్నరు సార్, గిదేందో సూడున్రి" అని వేలు పెట్టి చూపించింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని బ్రాంచి చుట్టూ తిరిగాం. రెండున్నర నెలలకు ఆమె ఖాతాలో డబ్బు పడింది. ఆ వరుస ఆమె కంట పడకపోతే ఎవరూ పిలిచి ఇచ్చేవారు కాదు.

అతనికి జన్‌ధన్ రూపే కార్డు కూడా ఉండేది. దాని మీదా ప్రమాద బీమా ఉంటుంది, 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకైతే 2 లక్షలు. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా కార్డు వాడి ఉండాలి. అతను ఏడాదిగా దాన్ని డబ్బా లోంచి తీయలేదు. ఆ 2 లక్షలు రాలేదు. ఆడపిల్ల చదువుకు అక్కరకొచ్చేవి, తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆ కార్డుంటే నెలకోసారి ఏటీఎంలో బ్యాలెన్స్ అయినా చూడమనండి. మే నెలాఖరుకు ఖాతాలో 20 రూపాయలు లేకపోతే సురక్షా బీమా ఆగిపోతుంది, అదీ చూసుకోండి. నారాయణాద్రి రైలుకు తిరుపతి టికెట్ ఆన్‌లైన్లో తీసేటప్పుడు అడిగే 45 పైసల బీమాకు కూడా టిక్ పెట్టండి. చనిపోతే 10 లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షల వరకు ఉంటుంది. తర్వాత వచ్చే మెసేజ్‌లో నామినీ పేరు నింపడం మరిచిపోవద్దు.

ఇక మీ అమ్మానాన్నల పాలసీ తీసుకున్నాక దాని కాపీ, కంపెనీ ఎమర్జెన్సీ నంబరు అమెరికాలో ఉన్నవాళ్ల ఫోన్లో ముందే పెట్టించండి. పెద్దవాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఒక ప్రింటు ఉండాలి, పెద్ద అక్షరాలతో. మా అమ్మ అయితే దాన్ని పాస్‌పోర్టు కవర్లోనే పెట్టుకుని వెళ్లింది.