బండి డాక్టర్: షెడ్డులో బాగుంటుంది, హైవే ఎక్కితే మిస్సింగ్

ప్రశ్న: సార్ నమస్తే. మాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఏ ప్రాబ్లమూ లేదు, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. కానీ హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూర్యాపేట దాటాక ఫిఫ్త్ గేర్‌లో 80లో పోతుంటే ఫ్లైఓవర్ ఎక్కేచోట సన్నగా జర్కులు వస్తున్నాయి, ఫోర్త్‌కి వేస్తే పోతాయి. ఒకసారి చెక్ ఇంజిన్ లైట్ కాసేపు బ్లింక్ అయి ఆగిపోయింది. మెకానిక్ న్యూట్రల్‌లో రేజ్ చేసి చూసి ఇంజిన్ బాగానే ఉంది, ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ మహిమ అన్నాడు. మళ్లీ ఆయనే నాలుగు కాయిల్స్, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు మార్చేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫోర్త్‌కి వేస్తే పోతుంది అన్నారు చూడండి, సగం ఆన్సర్ అక్కడే ఉంది. చక్రాల బ్యాలెన్సింగ్ తేడా అయితే అదే స్పీడులో ఏ గేర్ వేసినా వణుకుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మీది లోడ్ మీద వచ్చే మిస్సింగ్, అంటే ఇంజిన్ కష్టపడేటప్పుడు సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం. టాప్ గేర్‌లో ఇంజిన్ రెండు, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటుంది, ఎత్తు వచ్చిందని గేర్ మార్చకుండా ఎక్సలేటర్ తొక్కుతాం, సిలిండర్‌లోకి గాలి ఎక్కువ పోయి లోపల ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్‌లో స్పార్క్ ప్లగ్ గ్యాప్ దాటాలంటే కాయిల్ మామూలు కన్నా చాలా ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలి. కాయిల్ వీక్ అయినా, ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగినా సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ మీద లోడే ఉండదు, చావు బతుకుల్లో ఉన్న కాయిల్ కూడా అక్కడ పాసైపోతుంది. కాబట్టి షెడ్డులో బాగుంది అన్న మాటకి విలువ లేదండి.

ఈ20 సంగతి. మీ 2016 బండిని ఈ20 కోసం ట్యూన్ చేయలేదు, నిజమే. పాత ఈ10తో పోలిస్తే ఇంజిన్‌కి మూడు నాలుగు శాతం ఎక్కువ పెట్రోల్ పోయాలి, ఆ మాత్రం కంప్యూటరే సర్దుకుంటుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. నాలుగు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకులో పెట్రోలే కదా, మిస్సింగ్ ఒక్కదాంట్లోనే వస్తోందంటే పెట్రోల్‌ని తిట్టి లాభం లేదు. ముందు అది ఒక్కదాంట్లోనా అన్నిట్లోనా తేల్చుకోవాలి.

దానికి బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్స్ చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొనండి, ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతుంది, స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్‌కి కలపడమే. లైట్ ఆరిపోయినా లోపల కోడ్ ఉండొచ్చు, లేకపోతే పెండింగ్ కోడ్స్ (ఇంకా ఖాయం కానివి) అని వేరే ఉంటాయి, అవీ చూడండి. పీ0301 నుంచి పీ0304 దాకా వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు, పీ0300 అయితే ఒక్క సిలిండర్ అని చెప్పలేని మిస్సింగ్. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తెరవండి, కోడ్ పడ్డప్పుడు స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, లోడెంత అన్నీ అందులో ఉంటాయి, మీరు చెప్పిన ఫ్లైఓవర్ అంకెల్లో కనపడుతుంది.

పీ0302 వచ్చిందనుకోండి. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, రెండో సిలిండర్ కాయిల్ మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టండి (చాలా కార్లలో బెల్టు వైపుది ఒకటో సిలిండర్, అయినా మాన్యువల్ చూసుకోండి). కోడ్స్ చెరిపేసి మళ్లీ అదే రోడ్డు, అదే గేరు, అదే ఎత్తు. ఈసారి పీ0303 వస్తే దొంగ కాయిలే, ఒక్కటి మార్చండి చాలు. కోడ్ కదలకపోతే అలాగే ఆ రెండు ప్లగ్గుల్నీ అటుది ఇటు, ఇటుది అటు పెట్టి చూడండి, ఆ తర్వాతే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్. ఇంజిన్ ఆన్‌లో ఉండగా కాయిల్ పీకే వీరులుంటారు, అది మాత్రం వద్దు, షాక్ గట్టిగా కొడుతుంది.

కాయిల్ తీసినప్పుడు ఫోన్ టార్చ్ వేసి ఆ గుంతలోకి చూడండి. ఆయిల్ ఉంటే పైన వాల్వ్ కవర్ దగ్గర సీల్ పోయినట్టు, నీళ్లుంటే ఎవరో ఇంజిన్ వాష్ చేసినట్టు. ప్లగ్ బయటికి తీసి తెల్లటి పింగాణీ భాగాన్ని వెలుతురులో తిప్పుతూ చూడండి, పై నుంచి కిందకి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందా? ఉంటే స్పార్క్ గ్యాప్‌లో పడకుండా ఆ గీత వెంట బాడీకి పారిపోతోందన్నమాట. అలాంటప్పుడు ప్లగ్ ఒక్కటే మార్చి ఊరుకోకండి, కాయిల్ కింద రబ్బరు బూట్ లోపల కూడా అదే జాడ ఉంటుంది, కొత్త ప్లగ్గుని మళ్లీ కాల్చేస్తుంది. ఇంతకీ 82 వేలకి ఇంకా కంపెనీ ప్లగ్గులే ఉన్నాయా? మామూలు నికెల్ ప్లగ్గులైతే 30, 40 వేలకే మార్చాల్సింది, ఇరిడియం అయితేనే లక్ష దాకా లాగుతాయి. అవే పాతవైతే ఈ తతంగమంతా పెట్టుకోకముందే ప్లగ్గుల సెట్ మార్చి చూడండి, నాకైతే డౌటు అక్కడే.

పీ0300 వచ్చి, అన్నీ మిస్ అవుతున్నాయంటే అప్పుడు పెట్రోల్ వైపు వెళ్లాలి. హైవేలో ఫోన్ పక్క సీటు వాళ్లకిచ్చి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడమనండి. ఐడిల్‌లో మామూలుగా ఉండి 80లో ప్లస్ 12, 15 చూపిస్తే పెట్రోల్ చాలట్లేదు, ఫిల్టరో పంపో, ప్రెషర్ గేజ్ పెట్టించాక మార్చండి. ఐడిల్‌లో ఎక్కువుండి స్పీడులో తగ్గితే ఎక్కడో గాలి లీక్.

లైట్ మళ్లీ బ్లింక్ అయితే మాత్రం కాలు తీసేసి నిదానంగా పోండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది పాడైతే నాలుగు కాయిల్స్ ఖర్చు చిన్నదైపోతుంది.

ప్రశ్న: నాది ఆటోమేటిక్. బీచ్ రోడ్డులో 60, 70లో తేలిగ్గా పోతుంటే గరగరమని వణుకు. ప్లగ్గులు, కాయిల్స్ మార్చినా పోలేదు.
– విశాఖపట్నం నుంచి ఒకరు

జవాబు: అది మిస్సింగ్ కాకపోవచ్చండి. మీది టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించేది) అయితే ఒక పని చేయండి, వెనక బండ్లు లేనప్పుడు ఆ వణుకు వస్తుండగా ఎక్సలేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రం తాకండి. కన్వర్టర్ లోపల ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపి పట్టుకునే లాకప్ క్లచ్ వదిలేస్తుంది, వణుకు టక్కున ఆగితే జబ్బు గేర్‌బాక్స్‌ది. ముందు కంపెనీ చెప్పిన గ్రేడ్ గేర్ ఆయిల్ మార్పించండి, చాలాసార్లు దాంతోనే తగ్గుతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు యంత్రం వేసేది) అయితే ఈ టెస్టు పనికిరాదు.

ప్రశ్న: పెట్రోల్ మీద నున్నగా పోతుంది, సీఎన్‌జీకి మారిస్తే 70 దాటాక మిస్సింగ్.
– విజయవాడ

జవాబు: సీఎన్‌జీని వెలిగించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజ్ కావాలి, అందుకే ప్లగ్ అరుగుదల గ్యాస్ మీదే ముందు బయటపడుతుంది. గ్యాప్ ఎంతుండాలో కిట్ పేపర్లలో చూడండి, మామూలుగా పెట్రోల్ కన్నా తక్కువే పెట్టమంటారు. కొత్త ప్లగ్గులకీ తగ్గకపోతే గ్యాస్ ఫిల్టర్, ప్రెషర్ రెగ్యులేటర్ చూపించండి, అదైనా కిట్ బిగించిన చోటే, రోడ్డు పక్క షెడ్డులో గ్యాస్ లైన్ విప్పనివ్వకండి.