ఎర్రగడ్డ వేరులో విభజన ఎందుకు కనబడలేదు?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను మేడమ్. ఎర్రగడ్డ వేరుతో స్లైడు చేస్తే అన్నీ గుండ్రని చుక్కలే కనబడ్డాయి. కణ విభజనలోని మెటాఫేజ్, అనాఫేజ్ దశలు ఒక్కటీ దొరకలేదు. ఎక్కడ తప్పు చేశాను?
– ఒక విద్యార్థిని, పలమనేరు

జవాబు: వేరును ఎక్కడ కోశావో రాయలేదేమ్మా! నా అనుమానమంతా అక్కడే. తిరుపతిలో ఇన్నేళ్లు ఈ ప్రాక్టికల్ చేయించాను. పిల్లలు వేరు పొడుగ్గా కోసుకొచ్చి, పైముక్క స్లైడు మీద పెట్టి, కొన పారేస్తారు. విభజన జరిగేది ఆ కొనలోనే, ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర. రంగు పట్టాక కొన ముదురుగా కనిపిస్తుంది. అది ఉంచుకుని మిగతాది బ్లేడుతో తీసేయి. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపరు వేసి బొటనవేలితో నిటారుగా నొక్కు. పక్కకు జరిపావో, కణాలన్నీ చుట్టుకుపోతాయి.

కొన సరిగ్గా తీసుకున్నా చాలావరకు గుండ్రని కేంద్రకాలే కనబడతాయి. అది నీ తప్పు కాదు. పుస్తకంలో అన్ని దశలకూ ఒకే సైజు బొమ్మ వేయడంతో వచ్చిన చిక్కది. ప్రయోగశాలలో పెంచే మనిషి కణానికి మొత్తం చక్రం సుమారు 24 గంటలనుకుంటే, అందులో సమవిభజన (మైటోసిస్) గంటసేపే. మిగతాదంతా అంతర్దశ, అంటే రెండు విభజనల మధ్య కాలం. కొండమీద కంపార్టుమెంట్లో గంటలు కూర్చుంటే దర్శనం క్షణమైనట్టు. పోలిక అంతవరకే, కణం ఖాళీగా కూర్చోదు. డీఎన్‌ఏ రెట్టింపయ్యేది అంతర్దశలోనే. విభజన మొదటి దశ ప్రోఫేజ్‌లో అవుతుందని రాసిన పేపర్లు ఎన్ని దిద్దానో!

ప్రోఫేజ్ అంటే చిక్కుపడిన నూలు ఉండ. 1882లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్లెమింగ్ మైటోసిస్ అని పేరు పెట్టింది కూడా దారం అనే గ్రీకు మాటతోనే. మెటాఫేజ్‌లో క్రోమోజోములు (డీఎన్‌ఏ పోగులు) నడుమన వరుస కడతాయి, ఒక్కోదాని రెండు నకళ్ల జంట ఇంకా అతుక్కునే ఉంటుంది. అనాఫేజ్‌లో జంటలు విడిపోయి, సెంట్రోమియర్ (జంట అతుక్కుని ఉన్న చోటు) ముందు, చేతులు వెనక వేలాడుతూ చెరో కొసకు పోతాయి. ఎర్రగడ్డకు 16 క్రోమోజోములు కాబట్టి ఇటు 16, అటు 16. టెలోఫేజ్‌లో మధ్యన కణఫలకం, అంటే రెండు కణాల మధ్య కొత్త గోడకు పునాది, మొదలవుతుంది.

ఈసారి కొత్త ఎర్రగడ్డను నీళ్ల గ్లాసు మీద అడుగు మాత్రం తడిసేలా పెట్టు. మూడు నాలుగు రోజుల్లో వేర్లొస్తాయి. ముందు పది రెట్ల లెన్సుతో వెతికి, తర్వాత నలభైకి మారు. వంద కణాలు లెక్కపెట్టి, ఏ దశలో ఎన్ని ఉన్నాయో నాకు రాయి.