పదివేలకి నాలుగేగా అన్నవాడితో ఎలా మాట్లాడాలంటే

చిన్నా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది, వాదనలో ఓడిపోలేదు కానీ గెలవలేదు కూడా అని. "గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఉన్నదే పదివేలకి నాలుగు వంతులు, అంత పిసరు గ్యాస్ భూమినంతా వేడెక్కిస్తుందా?" అని నీ ఫ్రెండ్ అడిగితే, సైంటిస్టులందరూ ఒప్పుకున్నారు కదా అనేశావట. అక్కడే చెడింది. వాడు అడిగింది ఎలా అని, నువ్వు చెప్పింది ఎవరు అని. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. వెటకారంగా అడిగినా సరే, మంచి ప్రశ్నే అనుకుని మొదలుపెట్టు.

ముందు వాడి అంకె ఒప్పేసుకో. ఇప్పుడు 10 లక్షల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి 420 పైచిలుకు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండమీద కీలింగ్ అనే సైంటిస్టు కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దాకా ఉండేవి, ఫ్యాక్టరీలు రాకముందు 280. తక్కువే, కాదనకు. కానీ ఇక్కడ అడగాల్సిన లెక్క శాతం కాదు, అదీ వాడికి పట్టుబడాల్సింది.

దానికి మాటలకన్నా ఒక గ్లాసు నయం. పొడవాటి గాజు గ్లాసులో అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, ఒక్క చుక్క నీలం సిరా కలిపి, గ్లాసు కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి చూడమను. తర్వాత గ్లాసు నిండా నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పైనుంచే చూడమను. సిరా శాతం ఏ నాలుగో వంతుకో పడిపోయింది, పక్కనుంచి చూస్తే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, అయినా పైనుంచి చూస్తే కాగితం ఇందాక ఎంత నీలంగా ఉందో ఇప్పుడూ అంతే. నీ కంటికీ కాగితానికీ మధ్య ఉన్న సిరా ఏమీ తగ్గలేదు మరి. ఎన్ని నీళ్లు పోసినా అవి వెలుతురుకి అడ్డం రావు.

గాల్లో ఆ నీళ్ల పాత్ర నైట్రోజన్, ఆక్సిజన్‌లది. 78 శాతం అది, 21 శాతం ఇది, మిగిలినదాంట్లో ముప్పాతిక పైగా ఆర్గాన్. నేల నుంచి పైకి పోయే వేడి కంటికి కనపడని పరారుణ కిరణాలుగా పోతుంది, వాటికి ఈ మూడూ దాదాపు అడ్డమే కాదు. ఒకే రకం పరమాణువులు రెండు అతుక్కున్న అణువు ఎంత ఊగినా ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్ ఏర్పడదు, ఆ కిరణం దాన్ని పట్టుకోలేదు. కార్బన్ డయాక్సైడ్‌లో మూడు పరమాణువులు, అది మధ్యలో వంగుతుంది, వంగినప్పుడు 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర కిరణాల్ని మింగేస్తుంది. భూమి వేడి బాగా వెలువడే మేరలోనే ఉంది అది. టిండాల్ అనే సైంటిస్టు ఈ తేడాని 1859లోనే ల్యాబ్‌లో కొలిచాడు. అంతకు మూడేళ్ల ముందే యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో గ్యాసులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టమే ఎక్కువ వేడెక్కిందని రాసింది. చాలాకాలం ఆవిడ పేరు ఎవరికీ పట్టలేదు, అది వేరే కథ.

ఇప్పుడు సిరా, అంటే కార్బన్ డయాక్సైడ్, ఎంతుందో చెప్పు. ఒక చదరపు మీటరు నేలమీద నిలబడ్డ గాలి బరువు సుమారు 10 టన్నులు, అందులో కార్బన్ డయాక్సైడ్ 6 కిలోల పైనే. దాన్నంతా విడదీసి నేలమీద పరిస్తే మూడు మీటర్ల పైన మందం వస్తుంది. ఓజోన్‌ని అలాగే పరిస్తే 3 మిల్లీమీటర్లు, అదే మనల్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతోంది. ఓజోన్ సంగతి ఒప్పుకునేవాడు దీని దగ్గర శాతం పట్టుకుని వేలాడితే ఎలా?

"ఒక్క అణువు పక్కనున్న 2,400 అణువుల్ని ఎలా వేడెక్కిస్తుంది" అని కూడా అడుగుతాడు. గుద్దుకుని. మింగిన శక్తిని మళ్లీ బయటికి వదిలేలోపు అది పక్కవాటితో లెక్కలేనన్నిసార్లు ఢీకొంటుంది, శక్తి వాటికి అంటుతుంది. పైగా ఇది ఒక్కసారి జరిగి ఊరుకునేది కాదు, కింద నుంచి కిరణాలు రాత్రీపగలూ వస్తూనే ఉంటాయి.

కాస్త చదువుకున్నవాడైతే ఇంకో ప్రశ్న తీస్తాడు: ఉన్న గ్యాసే ఆ కిరణాలన్నీ మింగేస్తోంది కదా, ఇంకా కలిపితే ఏంటి? 1900లో ఆంగ్‌స్ట్రామ్ అనే ఆయనకీ ఇదే అనుమానం, కాబట్టి తేలిగ్గా తీసుకోకు. ఆ కిరణాలు చివరికి అంతరిక్షంలోకి పోయేది నేలమీద నుంచి కాదు, పైన గాలి పల్చబడ్డ చోటు నుంచి. గ్యాస్ పెరిగితే ఆ చోటు ఇంకా పైకి జరుగుతుంది, అక్కడ చలి ఎక్కువ, చల్లటిది తక్కువ వేడి వదులుతుంది. సూర్యుడి నుంచి వచ్చేది అంతే, పోయేది తగ్గింది, ఆ లెక్క మళ్లీ సరిపడేదాకా కింద వేడెక్కాల్సిందే. గ్యాస్ రెట్టింపైతే ఈ తేడా చదరపు మీటరుకి సుమారు 3.7 వాట్లు. మళ్లీ రెట్టింపైతే ఇంకో 3.7, అంతే. అందుకని రెట్టింపు గ్యాస్‌కి రెట్టింపు వేడి అని మాత్రం నోరు జారకు, వాడు అక్కడే పట్టుకుంటాడు.

నీటి ఆవిరి దీనికంటే పెద్ద గ్రీన్‌హౌస్ గ్యాస్ అంటాడు. నిజమే అను. కాకపోతే ఎక్కువైన ఆవిరి కొద్దిరోజుల్లో వానై పడిపోతుంది, గాలి వేడెక్కితేనే ఎక్కువ నిలుస్తుంది. అంటే అది తనంతట తాను మొదలుపెట్టదు, మొదలైనదాన్ని పెంచుతుంది.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. రెండు సీసాల్లో, ఒకదాంట్లో కార్బన్ డయాక్సైడ్ నింపి, బల్బు కింద పెట్టి థర్మామీటర్ చూపించే ప్రయోగం. నేను ఏళ్ల తరబడి క్లాసులో గర్వంగా చేశాను. ఒకరోజు వెనకబెంచీ కుర్రాడు లేచి, "ఆ గ్యాస్ బరువైంది కదా సార్, కదలక వేడి బయటికి పోనివ్వడం లేదేమో, ఆర్గాన్ పెట్టి చూశారా?" అన్నాడు. చూడలేదు. ఆర్గాన్ పరారుణ కిరణాల్ని మింగదు, అయినా ఆ సీసాలో దాదాపు అంతే వేడెక్కుతుంది. చెప్పే విషయం నిజమే, చూపించే రుజువు తప్పు. ఆ పూట తలెత్తలేకపోయాను.

సిరా గ్లాసు కూడా ముందు ఒక్కడివే చేసి చూసుకో. గోడలు నిలువుగా ఉన్న గ్లాసే తీసుకో, అడుగు సన్నగా పైన వెడల్పుగా ఉన్నదైతే పైనుంచి చూసినా రంగు తగ్గుతుంది, వాడి ముందు పరువు పోతుంది.

నీ బాబాయి