వర్షారణ్యంలో వాన తగ్గితే నేల శ్వాసక్రియ తగ్గుతుందా, పెరుగుతుందా?

"కరువులో నేల వదిలే కార్బన్ డయాక్సైడ్ తగ్గాలి కదా, ఒకే అడవిలో ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగిందేమిటి?" అని అడిగారు. రెండూ నిజమే కావచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఆ నేల మామూలు రోజుల్లో ఎంత తడిగా ఉంటుందో.

వేర్లు వదిలేదీ, సూక్ష్మజీవులు ఆకుచెత్తను కుళ్లబెడుతూ వదిలేదీ కలిపితే నేల శ్వాసక్రియ. సూక్ష్మజీవులకు నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. మట్టి ఖాళీల్లో దాదాపు 60 శాతం నీరుంటే రెండూ అందుతాయి. అంతకన్నా బాగా ఎక్కువైతే గాలి ఆడదు. బాగా తగ్గితే నీటి పొరలు తెగి, కరిగిన ఆహారం వాటిదాకా చేరదు. అందుకే ఎప్పుడూ చిత్తడిగా ఉండే లోయ అడుగు కాస్త ఆరితే శ్వాస పెరుగుతుంది. 2015 కరువులో ప్యూర్టోరికోలోని లుకియో అడవి లోయల్లో కనిపించింది ఇదే.

కాబట్టి తేమ రీడింగ్ ఒక్కటే చాలదు. ఎండబెట్టిన మట్టి సాంద్రతను 2.65తో (మట్టి రేణువుల సొంత సాంద్రత) భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేస్తే ఖాళీల వాటా తెలుస్తుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము అయితే ఖాళీలు 0.62. తేమ సెన్సర్ 0.45 (మట్టి పరిమాణంలో నీటి వాటా) చూపిస్తే ఖాళీల్లో 72 శాతం నీరు, 0.30కి దిగితే 48 శాతం. ఈ రెండింటి మధ్యే శ్వాస పెరిగి, మళ్లీ పడిపోవచ్చు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిచినవాళ్లకు ఆ శిఖరం కనబడదు. "కరువు ప్రభావం లేదు" అని రాసేస్తారు.

కొలతలు ఎక్కువగా చెడేది కాలర్ దగ్గర, అంటే వాయువు పట్టే మూతపెట్టెను (ఛాంబర్) కూర్చోబెట్టడానికి నేలలో దించే వలయం దగ్గర. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న పీవీసీ ముక్కను 3 సెంటీమీటర్ల లోతుకే దించండి. ఇంకా దిగితే పైపొరలోని సన్న వేర్లు తెగుతాయి. కొన్ని వారాలు ఆగాకే మొదటి కొలత. కరువు ముదిరేకొద్దీ బంకమట్టి కుంచించుకుపోయి కాలర్ గోడ పక్కన వెంట్రుకంత చీలిక వస్తుంది, వాయువు అక్కడ్నుంచి జారిపోతుంది. కాలర్ లోపలి మట్టమూ దిగుతుంది. ఛాంబర్, కాలర్ కలిపి 6 లీటర్లనుకుంటే, 1 సెంటీమీటరు దిగితే 314 మిల్లీలీటర్లు పెరిగినట్టు. పాత ఘనపరిమాణంతోనే లెక్కేస్తే ఫలితం 5 శాతం తక్కువగా వస్తుంది, అదేమో కరువు ప్రభావంలాగే కనిపిస్తుంది! వెళ్లిన ప్రతిసారీ నాలుగు వైపులా ఎత్తు కొలవండి. మూత 2 నిమిషాలు చాలు, మొదటి 20 సెకన్ల రీడింగులు వదిలేయండి.

వేర్ల వాటా విడదీయడానికి చుట్టూ కందకం తవ్వే పద్ధతిని కరువు అధ్యయనంలో నేనైతే నమ్మను. వేర్లు తెగాక నీరు పీల్చేవే ఉండవు కనుక లోపల తేమ నిలిచిపోతుంది. బయట కరువు, లోపల కాదు. పైగా తెగిన వేర్లు నెలల తరబడి కుళ్లుతూ సూక్ష్మజీవుల లెక్కను పెంచేస్తాయి.

కరువు తర్వాతి తొలి వానను వదులుకోవద్దు. ఎండిన మట్టి తడవగానే శ్వాస ఒక్కసారిగా ఎగుస్తుంది. 1958లో బర్చ్ అనే శాస్త్రవేత్త వివరించిన ఈ పోటు కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు ఉంటుంది. వానకు ముందు ఒకటి, ఆగిన గంటలోపు ఒకటి, ఆ రోజంతా రెండు మూడు గంటలకోసారి, తర్వాత వారంపాటు రోజుకొకటి తీయండి. గంటలోపు వచ్చిన అంకెను మాత్రం విడిగా రాసుకోండి: నీరు దిగుతూ మట్టి ఖాళీల్లోని పాత వాయువును బయటికి నెట్టేస్తుంది, అందులో అప్పటికప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంతే.