బండి ముందు మొహమాటం వద్దు

ప్రశ్న: మేడమ్, డిసెంబరులో ఫ్లోరిడాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. క్రిస్మస్ సెలవుల్లో ఓర్లాండోలో డిస్నీ వాళ్ల ఎప్కాట్ పార్కు చూపిస్తానంటోంది. అక్కడ పండగ ఉత్సవం జరుగుతుందట, దేశదేశాల వంటల బళ్లు పెడతారట. మా మనవడికి ఏడేళ్లు. వాడికి గోధుమ పడని జబ్బు, సీలియాక్, ఉందని నిరుడు తేలింది. నేను గుడ్డు కూడా ముట్టను. మావారికి షుగరు. 'అక్కడ అన్నీ దొరుకుతాయమ్మా' అంటుంది అమ్మాయి. నాకైతే టెన్షన్‌గానే ఉంది. అందరూ తింటుంటే వాడు మా ప్లేట్లకేసి చూస్తూ కూర్చోవాలా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మమ్మగారూ, ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్నీ కాను, డైటీషియన్నీ కాను. టాంపాలో ఉంటాను. ఎప్కాట్ మాకు కారులో గంటన్నర దూరం. మా అమ్మాయికి తొమ్మిదో ఏట సీలియాక్ బయటపడింది. అప్పట్నుంచి ఐదు డిసెంబర్లు ఈ ఉత్సవానికి తీసుకెళ్లాం. నాకు తెలిసిందల్లా ఆ బళ్ల ముందు నిలబడి నేర్చుకున్నదే.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. మీ టెన్షన్ కూడా ఊరికే వచ్చింది కాదు.

ఎప్కాట్‌లో ఒక పెద్ద చెరువు చుట్టూ 11 దేశాల పేరుతో పేటలు కట్టారు. మెక్సికో దగ్గర మొదలుపెట్టి నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్ మీదుగా కెనడా దాకా. (మన దేశం లేదు. మావారు ప్రతి ఏడూ దీని మీద ఒక ఉపన్యాసం ఇస్తారు.) చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. థాంక్స్‌గివింగ్ పండగ (నవంబరు నాలుగో గురువారం) అయిన మర్నాటి నుంచి డిసెంబరు 30 దాకా మామూలుగా ఈ ఉత్సవం ఉంటుంది. దారి పొడుగునా 'హాలిడే కిచెన్' అని బళ్లు పెడతారు. పేరు కిచెన్ అయినా అది చిన్న గది. ఒక కిటికీలో డబ్బులు కట్టాలి, ఇంకో కిటికీలో ప్లేటు అందుకోవాలి. లోపల నలుగురైదుగురు ఊపిరాడకుండా పని చేస్తుంటారు. 'మా వాడికి ఇది తీసేసి, కాస్త వేరేగా చేసిపెట్టండి' అంటే కుదిరే చోటు కాదు. కాబట్టి ఉన్నవాటిలోంచే ఏరుకోవాలి.

ఏరుకోవడానికి దారి చూపిస్తారు. ప్రతి బండి మెనూ బోర్డు మీదా, ఉత్సవం తాలూకు చిన్న పుస్తకంలోనూ, డిస్నీ యాప్‌లోనూ కొన్ని వంటకాల పక్కన 'గ్లూటెన్/వీట్ ఫ్రెండ్లీ' అని రాసి ఉంటుంది. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో ఉండే జిగురు ప్రోటీన్. 'ఫ్రెండ్లీ' అన్నారు, 'ఫ్రీ' అనలేదు, గమనించండి. అమెరికాలో ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని వేయాలంటే కిలో తిండిలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకి లోపే ఉండాలని నియమం. బండిలో పక్కనే బన్నులు కాలుస్తూ ఆ మాట ఎవరిస్తారు? అందుకని, 'ఇందులో గోధుమ, బార్లీ, రై వేయలేదు. మిగతా పూచీ మాది కాదు' అని చెప్పడమే ఆ 'ఫ్రెండ్లీ'. కాస్త కడుపుబ్బరం అని గోధుమ మానేసినవాళ్లకి ఆ మాట చాలు. సీలియాక్ పిల్లవాడికి చాలదు. వాడికి రొట్టె తునక కూడా చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. దానికి మందు లేదు, జన్మంతా పథ్యమే మందు.

కాబట్టి అడగాలి. మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు, మన ఇంగ్లీషు మీద మనకే అనుమానం, 'పోనీలే, ఎందుకొచ్చిన గొడవ' అనిపిస్తుంది. మొదటి ఏడాది మావారు నా చెయ్యి గిల్లారు కూడా, 'ఎంతసేపు నిలబెడతావు వాళ్లని' అంటూ. గిల్లితే గిల్లనివ్వండి. అక్కడివాళ్లు విసుక్కోరు, రోజుకి పదిమంది అడిగే ప్రశ్నలే అవి. మీరు వాడాల్సిన మాట మాత్రం ఒకటుంది, 'సీలియాక్'. ఉత్తినే 'నో గ్లూటెన్' అంటే ఫ్యాషన్ కోసం మానేసినవాళ్ల లెక్కలో వేసేస్తారు. 'అలర్జీ, సీలియాక్' అనండి, చాలు. మా అమ్మాయికి మొదటిసారి అలా చెప్పినప్పుడు కిటికీ దగ్గరున్న పిల్ల చేతిలో పని ఆపేసింది. లోపలికి వెళ్లి పెద్ద టోపీ పెట్టుకున్నాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన పాత గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో వేసి, కొత్తవి తొడుక్కుని, మా ఎదురుగానే కొత్త గరిట తీశాడు. ఆ రోజు మా పిల్ల తిన్నది అరచేతిలో పట్టేంత ప్లేటు. ఆ మొహం చూస్తే పెళ్లిభోజనం చేసినట్టే ఉంది.

నేను ప్రతి బండి దగ్గరా తప్పకుండా అడిగేది వేయించే నూనె సంగతి. ఆలుగడ్డలో గ్లూటెన్ లేదు కదా అని ఫ్రెంచ్ ఫ్రైస్ కొనేస్తాం. పూరీలు వేయించిన మూకుట్లో వేయిస్తే ఏం లాభం? నూనె వేరేనా అని అడగండి. తర్వాత అలర్జీ వివరాలున్న పట్టిక ఉంటే చూపించమనండి. గ్లవ్స్ మార్చమనండి. జవాబు తడబడితే నవ్వుతూ థాంక్స్ చెప్పి పక్క బండికి వెళ్లిపోండి.

ఇక పేటల సంగతి. మెనూ ఏటా మారుతుంది కనుక వంటకాల జాబితా ఇవ్వను, ఏ వంటలో ఏం దాగుంటుందో చెప్తాను. జర్మనీ దగ్గర బొమ్మరైళ్లు చూపించి, తిండి విషయంలో ముందుకి కదలండి. ప్రెట్జెల్, నూడుల్స్ అంతా గోధుమే. జపాన్‌లో అన్నం చూసి ప్రాణం లేచొస్తుంది గానీ, సోయాసాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది. మెక్సికో మీ మనవడికి మంచి చోటు. తమాలే అంటే మొక్కజొన్న పిండి ముద్దని మొక్కజొన్న పొత్తి రేకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, మన పొట్టిక్కలకి దూరపు చుట్టం అనుకోండి. గోధుమతో దానికి పని లేదు. కానీ మీరు మాత్రం ఆగండి. పిండిలో పందికొవ్వు కలపడం వాళ్ల పాత పద్ధతి. మీరు దాన్ని అడక్కుండా నోట్లో పెట్టకండి. మొరాకోకీ ఫ్రాన్స్‌కీ మధ్య యూదుల హనుక్కా పండగ వంటల బండి పెడుతుంటారు. అక్కడి లాట్కే ఆలుగడ్డ తురుముతో వేసే అట్టు. చూస్తే మన కూరగాయల గారె అనిపిస్తుంది గానీ, పట్టు కోసం గుడ్డు, చాలాచోట్ల కాస్త పిండి కూడా వేస్తారు. మీ ఇద్దరికీ అడిగి తీరాల్సిందే.

ఫ్రాన్స్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మా పిల్ల అక్కడే కడుపునిండా తింటుంది. 2021లో అక్కడ అట్ల హోటల్ తెరిచారు, 'లా క్రెపరీ ద పారీ'. అందులో తీపి అట్లు గోధుమవి. ఉప్పటి అట్లు, గాలెట్ అంటారు, బక్‌వీట్‌తో వేస్తారు. పేరులో వీట్ ఉందని భయపడకండి, దానికి గోధుమతో ఏ బంధుత్వమూ లేదు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకి వాడే కుట్టు పిండి అదే. పెనం వేరేనా అని అడగడం మానకండి. ఇలాంటి కూర్చుని తినే హోటళ్లలో బళ్ల దగ్గరలేని సౌకర్యం ఒకటుంది, షెఫ్‌తో మాట్లాడతామని అడగవచ్చు. 60 రోజుల ముందు నుంచే టేబుల్ బుక్ చేసుకోవచ్చు కాబట్టి మీ అమ్మాయిని ఇప్పుడే చేయమనండి, అలర్జీ సంగతి అందులోనే రాయమనండి. కనీసం ఒక పూట అలా కూర్చోబెట్టి తినిపిస్తే మిగతా రోజంతా వాడు ఆకలని ఏడవడు.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. బళ్లు మామూలుగా పొద్దున 11 గంటలకి తెరుస్తారు. తెరిచీ తెరవగానే వెళ్తే నూనె కొత్తది, బల్ల శుభ్రం, జనం తక్కువ, మీరు నాలుగు ప్రశ్నలు అడిగినా ఎవరికీ చిరాకు రాదు. సాయంత్రం కొవ్వొత్తుల పాటకచేరీ వేళకి అక్కడ ఇసక వేస్తే రాలదు. క్రిస్మస్ దాటాక వచ్చే వారమైతే మరీను. వీలైతే నెల మొదట్లోనే వెళ్లండి.

మీవారికి బళ్ల పద్ధతి నిజానికి మేలే. ప్లేటులో నాలుగు ముద్దలకి మించి పెట్టరు, ఒకటి కొని ముగ్గురూ రుచి చూడొచ్చు. ఆయన్ని కాపలా కాయాల్సింది ప్లేట్ల దగ్గర కాదు, గ్లాసుల దగ్గర. హాట్ చాక్లెట్, ఎగ్‌నాగ్ (పాలు, గుడ్డు, చక్కెర కలిపిన పానీయం) పేరుతో చలిలో చక్కెర తెలియకుండా దిగిపోతుంది. కౌంటరు దగ్గర తిండి అమ్మే హోటళ్లలో చల్లని మంచినీళ్ల గ్లాసు ఉచితంగా ఇస్తారు, అడగండి. ఇన్సులిన్ వాడుతుంటే మెక్సికో పక్కనున్న ఒడిస్సీ భవనం దగ్గర ప్రథమ చికిత్స కేంద్రం ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: మెనూలో ఆకు బొమ్మ ఉంటే అది వీగన్ అని మా ఫ్రెండ్స్ చెప్పారు. అంటే గ్లూటెన్ కూడా లేనట్టేగా? మా ఆవిడకి గ్లూటెన్ పడదు. వచ్చే నెల వెళ్తున్నాం.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: లేనట్టు కాదు బాబూ. ఆకు బొమ్మ అంటే మాంసం, పాలు, గుడ్డు, తేనె లేవని, అంతే. గోధుమ కూడా మొక్క నుంచి వచ్చిందేగా! పైగా మాంసానికి బదులు పెట్టే సీటాన్ అనేది ఒకటుంది. గోధుమపిండి ముద్దని నీళ్లలో పిసికి పిసికి, తెల్లగంజి అంతా పోగొడితే చేతిలో సాగుతూ మిగిలే జిగురే సీటాన్. అంటే అది అచ్చమైన గ్లూటెన్. మీ ఆవిడకి ఆకు, 'గ్లూటెన్ ఫ్రెండ్లీ' రెండూ వేరువేరు గుర్తులు. గోధుమ లేనిదాంట్లో మాంసం ఉండొచ్చు, మాంసం లేనిదాంట్లో గోధుమ ఉండొచ్చు. పైన ఉత్తరం రాసిన తెనాలి అమ్మమ్మగారికి మాత్రం ఆ ఆకు బొమ్మే దిక్కు. ఇక్కడ 'వెజిటేరియన్' అన్నదాంట్లో గుడ్డు ఉండొచ్చు.

ప్రశ్న: పార్కులోకి ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లనిస్తారా? గేటు దగ్గర పారేయిస్తారని విన్నాం.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీసుకెళ్లనిస్తారు. మనం తినడానికి తెచ్చుకున్న తిండి లోపలికి రానిస్తారు. గాజు సీసాలు, మందు, విడి ఐసు ముక్కలు కూడదు. వేడిచేయక్కర్లేని తిండి అయితే మంచిది. చల్లగా ఉంచాలంటే గడ్డకట్టించిన జెల్ ప్యాకెట్లు పెట్టుకోండి.

పులిహోర అనగానే నా సంగతి ఒకటి చెప్పాలి. మూడో ఏడాది మా అమ్మాయికి ఉత్సవం నుంచి ఇంటికొచ్చిన రాత్రి కడుపునొప్పి, వాంతులు. తెల్లారేదాకా ఆ బండిని, ఈ బండిని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఏమేం తిన్నదో కాగితం మీద రాస్తే బండి దగ్గర తిన్నది ఒక్క తమాలే. మిగతాదంతా నా చేతి పులిహోర, రెండు డబ్బాలు. బియ్యం, చింతపండు, వేరుశనగపప్పు, ఇందులో ఏముంటుంది? మావారు వంటింట్లోంచి ఇంగువ డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. కళ్లజోడు పెట్టుకుని చదివితే వెనకవైపు చిన్న అక్షరాల్లో 'గోధుమపిండి'. పొడి ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే ఉంటుంది, మిగతాది పిండీ జిగురూ. ఎక్కువ డబ్బాల్లో ఆ పిండి గోధుమదో మైదానో. దేశం కాని దేశంలో తెలియనివాళ్లని వందసార్లు అడిగాను, నా పోపులపెట్టెని ఒక్కసారి అడగలేదు.

కాబట్టి బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతుక్కోండి, దొరక్కపోతే ఇంగువ లేకుండా వేసేయండి. సాంబారుపొడి, పచ్చళ్లు, అప్పడాలు, చాలావాటిలో ఇదే ఇంగువ ఉంటుంది. రాగిపిండి, జొన్నపిండి మంచివే గానీ గోధుమలు ఆడించిన పిండిమరలో వెంటనే పట్టిస్తే లాభం లేదు, ఇంట్లో మిక్సీలో వేసుకోండి. జంతికలు బియ్యప్పిండి, శనగపిండితో ఇంట్లో చేసినవైతే భేషుగ్గా తీసుకెళ్లండి. ఆత్రేయపురం పూతరేకులూ బియ్యప్పిండివే, కాకపోతే బ్యాగులో నలిగి పొడి అవుతాయి, స్టీలు డబ్బాలో సర్దండి. పిల్లవాడు నీరసపడ్డాడని హార్లిక్స్ మాత్రం కలిపివ్వకండి, అందులో బార్లీ, గోధుమ రెండూ ఉన్నాయి.

ఆవకాయ లేకుండా కదలనంటారా, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. గాజు సీసా గేటు దగ్గరే ఆగిపోతుంది.