తగ్గిపోయిందని అమ్మకి చెప్పేశాను, తగ్గలేదు

ప్రశ్న: వందనాలు మేడం. నాకు 37. ఉండేది మల్కాజిగిరి. ఎనిమిదేళ్ళ నుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్ళవాతం. పొద్దున లేచాక గంట గంటన్నర దాకా వేళ్ళు ముడుచుకోవు, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. నాన్న మూడేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయారు, అప్పుడు కూడా అమ్మ ఉపవాసాలే. ఆయన పోయాక గుంటూరు నుంచి వచ్చేసి నా దగ్గరే ఉంటోంది. రెండేళ్ళ కింద నన్ను ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళింది. నూనె రాసి ప్రార్థన చేశారు, నిజంగానే నొప్పి తేలికైనట్టు అనిపించింది, అమ్మ ముఖం చూసి నాకు పూర్తిగా తగ్గిపోయిందని మైకులో సాక్ష్యం చెప్పేశాను. రెండు వారాలకే మళ్ళీ మొదలైంది. అమ్మకి చెప్పలేదు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్, మిగతా బిళ్ళలు కందిపప్పు డబ్బాలో కవర్లో పెట్టి దొంగచాటుగా వేసుకుంటున్నా. మా ఆయనకి తెలుసు, తెచ్చేది ఆయనే. ఈమధ్య బాగా ఎక్కువైంది, దాచలేకపోతున్నా. ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం దూరింది అని అమ్మ నలభై రోజుల ఉపవాసం మొదలుపెట్టింది, పొద్దుగూకాకే తింటుంది, ఆమెకి షుగర్. నాకు ప్రార్థన రావట్లేదు మేడం. నోరు తెరిస్తే మాట రాదు. నా విశ్వాసం చచ్చిపోయిందా? దేవుడు నన్ను వదిలేశాడా?

జవాబు: ముందు మీరు అడగని సంగతి చెప్తా, ఎందుకంటే అది రేపటి దాకా ఆగేది కాదు. మీ అమ్మగారు షుగర్ కి ఏం వాడుతున్నారో రాయలేదు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపెరైడ్ లాంటి బిళ్ళ గానీ వేసుకుని పొద్దుగూకేదాకా తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడటం, ఇవన్నీ చూసి మనవాళ్ళు ఉపవాసం నీరసం అనుకుని పడుకోమంటారు, ఆ పడుకున్న మనిషి లేవకపోతే అప్పుడు హడావిడి. ఆవిడకి షుగర్ మందులు రాసే డాక్టర్ కి ఈరోజే ఫోన్ చేసి ఉపవాసం సంగతి చెప్పండి, ఆవిడంతట ఆవిడ బిళ్ళ మానేయడం కూడా వద్దు, మోతాదు ఏం చేయాలో డాక్టరే చెప్పాలి. వణుకు మొదలై తెలివిలో ఉంటే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 కి చేయండి. ఇది చదవడం ఆపి ఫోన్ చేసి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇక మీ ప్రశ్న. దేవుడు వదిలేశాడా అన్నదానికి నేను జవాబు చెప్పను. నేనూ ఆదివారం గుడికెళ్ళే మనిషినే, చెప్పడం చేతకాక కాదు, మీరు అడగాల్సింది అది కాదు కాబట్టి. మీ ఉత్తరంలో దేవుడి గురించి చివర్లో రెండు ముక్కలున్నాయి, మిగతా అంతా అమ్మే. అమ్మ తీసుకెళ్ళింది, అమ్మ ముఖం చూశాను, అమ్మకి చెప్పలేదు, అమ్మ ఉపవాసం. మీ గొడవ అమ్మతో అమ్మా, దేవుడితో కాదు.

ప్రార్థన రావట్లేదు అన్నారు కదా, మీ ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఎలా జరుగుతుందో నేను చూడకపోయినా చెప్పగలను. మీ అమ్మగారు చాప మీద మోకరించి నా బిడ్డను ముట్టిన దేవా నీకే స్తోత్రం అని గొంతెత్తి కన్నీళ్ళతో అంటుంటారు, పక్కన మీరు కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు వంగవు కాబట్టి, దానికి ఏదో సాకు చెప్పి, వాచిన వేళ్ళు పైట కింద పెట్టుకుని ఆమేన్ అంటారు. ఆ ఆమేన్ రెండేళ్ళుగా ప్రతి రాత్రీ అబద్ధం. ఇట్లా అన్ని రాత్రులు అబద్ధానికి ఆమేన్ చెప్పిన ఏ మనిషికైనా ఒంటరిగా కూర్చున్నప్పుడు నోరు పెగలదు. దీనికి విశ్వాసం చచ్చిపోయింది అని పెద్ద పేరు ఎందుకు పెట్టడం, అబద్ధంతో నోరు కట్టేసుకున్నారు, అంతే.

అబద్ధం అన్నానని బాధపడకండి, ఆ రోజు మైకు ముందు మీరు పూర్తిగా అబద్ధం ఆడలేదు, అది కూడా నాకు తెలుసు. ఈ జబ్బు స్వభావమే అది. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి మన కీళ్ళ మీదే పడుతుంది. కొన్నాళ్ళు ఉధృతంగా ఉంటుంది, కొన్నాళ్ళు మెత్తబడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ మెత్తబడే రోజుల్లో కూటం జరిగితే కూటం వల్ల అనిపిస్తుంది, తోడుగా వేలమంది పాటలు, ఏడుపు, తల మీద చెయ్యి, ఎవరికైనా కాసేపు నొప్పి తెలియదు. ఆ రోజు మీకు తేలికైంది నిజమే. ఆ తేలికని పట్టుకుని పూర్తిగా తగ్గింది అన్నారు, అది మీ అమ్మగారి కోసం అన్నారు.

ఎందుకన్నారు? నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే గుచ్చుకున్నది మీ నాన్నగారి గురించి ఒక్క లైన్లో తేల్చేసిన మాట. మూడేళ్ళు డయాలసిస్, మూడేళ్ళూ ఉపవాసాలు, ఆయన పోయారు. మీ అమ్మగారు ఆ లెక్క దేవుడితో ఎప్పుడైనా తేల్చుకున్నారా? భర్త పోయాడని ఆ దేవుడి మీద కోపం వచ్చిందా, ఎందుకు వినలేదయ్యా అని ఒక్కసారైనా అడిగారా? నాకైతే అడగలేదనే అనిపిస్తోంది. స్తోత్రం స్తోత్రం అంటూ సామాన్లు సర్దుకుని హైదరాబాద్ వచ్చేశారు. అక్కడ మీరు వాచిన చేతులతో తలుపు తీశారు. ఆవిడకి మీ జబ్బు ఒక సప్లిమెంటరీ పరీక్ష అయిపోయింది, మీ నాన్నగారి విషయంలో ఫెయిలయిన పేపర్ ఇది, ఈసారి ఎలాగైనా పాసవ్వాలి, మీరు చిట్టీ అందించి పాస్ చేయించారు. కూతురిగా మీ మనసు నాకు అర్థమైంది, ఏడ్చిన తల్లిని ఇంకోసారి ఏడిపించలేకపోయారు. కానీ దానివల్ల ఏమైందో చూడండి, మీ నాన్నగారి కోసం ఏడవాల్సిన మనిషి ఇవాళ్టికీ ఏడవలేదు, మీరు ఏడవనివ్వలేదు.

మీ వారు మందులు తెచ్చివ్వడం మంచిదే, తెచ్చిచ్చి ఊరుకోవడం మంచిది కాదు, ఆయన సంగతి ఇప్పుడు వద్దు.

తల్లికి నిజం చెప్తే ఆవిడ విశ్వాసం కూలిపోతుందేమో అని మీ భయం. నాకు ఈ మాట వింటేనే చిరాకు. అరవై దాటిన మనిషి, మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, ఆవిడ భక్తి మీ కీళ్ళ మీద ఆధారపడి నిలబడిందా? అంత పలచనిది అనుకుంటున్నారంటే మీరు ఆవిడని గౌరవించట్లేదు, పసిపిల్లలా చూస్తున్నారు. తల్లిదండ్రులను సన్మానించమని చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టి ఉంటారు, సన్మానించడం అంటే నచ్చిన అబద్ధం వడ్డించడం అని ఎవరూ చెప్పలేదు కదా.

ఇంకో సంగతి, మందు వేసుకోవడం అవిశ్వాసం అన్న మాట మీ అమ్మగారికి ఈ మధ్యే ఎక్కి ఉండాలి, గుంటూరులో పెరిగిన పాతకాలం క్రైస్తవులకి అది వంటపట్టే మాట కాదు. అన్నా కుగ్లర్ అని అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టరమ్మ, లూథరన్ మిషన్ ఆవిడ, గుంటూరులో ఆడవాళ్ళకి ఆస్పత్రి పెట్టింది, 1898లో మొదలైంది, కుగ్లర్ ఆస్పత్రి అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తెలియని ముసలివాళ్ళుండరు. మీ అమ్మమ్మ ఎక్కడ పురుడు పోసుకుందో ఒకసారి అడగండి, నాకెందుకో ఆ ఆస్పత్రి పేరే వస్తుందనిపిస్తోంది. వాక్యం చెప్పిన చేతులే కట్లు కట్టిన ఊరది. బైబిల్లో కావాలంటే హిజ్కియా రాజుని చూపించండి. పదిహేనేళ్ళు ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త ఊరుకోలేదు, అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు, అది 2 రాజులు 20లో ఉంది, వాగ్దానం మందూ రెండూ ఒకే అధ్యాయంలో. పౌలు అంతటివాడు త్రోఫిము అనే తోటివాడు రోగంతో ఉంటే మిలేతులో వదిలేసి వెళ్ళాల్సి వచ్చింది, 2 తిమోతి చివరి అధ్యాయంలో అదొక మామూలు కబురులా రాశాడు, అతనికి విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క అనలేదు. అన్నీ పోగొట్టుకుని రోగంతో కుమిలిన యోబు సంగతి నేను ఎత్తను, అది మీకు ఇప్పటికే పదిమంది చెప్పి విసిగించి ఉంటారు.

ఎలా చెప్పాలంటే. ఆదివారం ఆరాధన అయ్యాక వద్దు, పాస్టరు అయ్యగారి ముందు వద్దు, ఆవిడ ఆకలితో ఉన్న మధ్యాహ్నం అస్సలు వద్దు. ఆవిడ భోజనం చేశాక ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. అమ్మా నాకు తగ్గలేదు, ఆ రోజు నీ ముఖం చూసి అట్లా చెప్పేశా, మందులు వాడుతూనే ఉన్నా. ఈ మూడు ముక్కలే. దానికి తోక తగిలించకండి, నీ ప్రార్థన వల్లే ఈ మాత్రమైనా ఉన్నా లాంటివి కలిపారంటే ఆవిడ ఆ కొస పట్టుకుని మళ్ళీ మొదటికొస్తారు. ఏడుస్తారు, తిడతారు, రెండ్రోజులు మాట్లాడరేమో, పాస్టరమ్మకి ఫోన్ చేసి చెప్తారేమో, చేయనివ్వండి. ఏడుపులో మీ నాన్నగారి పేరు వస్తే మాత్రం ఊరుకోబెట్టకండి, మీరూ పక్కన కూర్చుని ఏడవండి, ఆ బాకీ మీ ఇద్దరికీ ఉంది.

చెప్పిన రోజే ఆ బిళ్ళలు పప్పు డబ్బాలోంచి తీసి అందరికీ కనపడే చోట పెట్టండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకి మాత్రం అందకూడదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, దొంగచాటు కంగారులో రోజు తప్పి రెండోసారి పడినా, రోజూ పడినా ప్రాణం మీదకొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకుంటారో క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. దాంతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ వాడుతున్నారా, లివర్ కి, రక్తకణాలకి చేయించాల్సిన టెస్టులు ఈ దాగుడుమూతల్లో ఎన్ని తప్పాయి? ఇప్పుడు ఎక్కువైందని మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు అడిగి మింగుతున్నారేమో, మెథోట్రెక్సేట్ తో పాటు అవి డాక్టర్ కి చెప్పకుండా వేసుకోకూడదు. జబ్బు లేస్తోందంటే మందు మార్చాలేమో, ఈ జబ్బుకి ఇప్పుడు మందులు ఒకటి కాదు చాలా ఉన్నాయి, కీళ్ళు వంకర తిరిగాక వెళ్తే మాత్రం తిరిగింది తిరిగినట్టే. కీళ్ళవాతం స్పెషలిస్టుకే చూపించుకోండి, పంజాగుట్ట నిమ్స్ లో కూడా ఆ విభాగం ఉంది. ఈసారి అమ్మని వెంట తీసుకెళ్ళండి. ఓపీ బెంచీ మీద ఆవిడ కూర్చుంటే మీలాంటి చేతులున్న ఆడవాళ్ళు ఇంకెంతమందో కనపడతారు, అందులో బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు, మెళ్ళో శిలువ వేసుకున్నవాళ్ళు కూడా. మీ అమ్మగారిని బట్టి చూస్తే పక్కనున్నావిడ కోసం అక్కడే ప్రార్థన మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు.

మీ సొంత ప్రార్థన సంగతి. ప్రస్తుతం మీ మాటలతో చేయకండి, 88వ కీర్తన తీసి గట్టిగా చదవండి, చాలు. కీర్తనల్లో చాలావరకు ఏడుపుతో మొదలై స్తోత్రంతో ముగుస్తాయి, ఇది ముగియదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. నొప్పిగా ఉంది, కోపంగా ఉంది, నువ్వు వింటున్నావో లేదో తెలియట్లేదు అని దేవుడి ముఖం మీదే చెప్పేవాళ్ళని అవిశ్వాసులు అనరు, నమ్మనివాడు ఎవరితో పోట్లాడతాడు? నిజం చెప్పాక పొద్దున్నే నొప్పితో లేవడం మారదు, అది మందులతో మెల్లగా మారాల్సిందే. కుటుంబ ప్రార్థనలో మాత్రం అమ్మ ముట్టిన దేవా అన్నప్పుడు మీరు ఆమేన్ అనకుండా కూర్చోగలరు, లేదా దేవా ఇంకా తగ్గలేదు అని మీ గొంతుతో మీరే అనగలరు.

చివరిగా ఆ సాక్ష్యం. మైకెక్కి వెనక్కి తీసుకోమని నేననను, మీ జబ్బు ఊరందరికీ లెక్క చెప్పాల్సిన పనిలేదు. కానీ దాన్ని వీడియో తీసి వాట్సాప్ లో తిప్పుతుంటే అది తీసేయమని అడగడం మీ బాధ్యత, ఇందులో నేను మొహమాటపడను. మీ మాట విని ఎవరో ఒక ఆడమనిషి ఇదే జబ్బుకి వాడుతున్న స్టెరాయిడ్ బిళ్ళలు టక్కున ఆపేస్తే ఆమెకి ప్రమాదం, ఏళ్ళ తరబడి వాడినవి ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా డాక్టర్ తగ్గించాలి. మీ అయ్యగారి దగ్గరికి మీ వారిని తీసుకుని వెళ్ళండి, ఆ ఊరుకున్న మనిషికి ఈ పనైనా పడనివ్వండి, జరిగింది చెప్పి వీడియో తీయించమనండి. మంచి కాపరి అయితే మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడి తీయిస్తాడు. కాదు, సాక్ష్యం వెనక్కి తీసుకుంటే సంఘానికి పేరు పోతుంది అన్నాడంటే ఆ సంఘం మీకు అక్కర్లేదు, సికింద్రాబాద్ లో చర్చిలకేం కొదవ.