గీత ఎలా సాగుతోందని అడిగే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. లెక్కలు బాగానే చేస్తుంది. ఖాళీ దొరికితే ట్యాబ్ మీద బొమ్మలు గీస్తూ కూర్చుంటుంది. పైగా, వేలితో లాగుతుంటే గీత ఎలా సాగుతోంది, అన్‌డూ నొక్కితే పాత బొమ్మ ఎక్కణ్నుంచి తిరిగొస్తోంది అని వాళ్ల నాన్నను ప్రశ్నలతో చంపుతుంది. ఆయన సీఎస్‌ఈలో చేర్పిద్దామంటారు. నాకేమో డిజైన్ కోర్సు అయితే పిల్ల సంతోషంగా ఉంటుందనిపిస్తోంది. మా తమ్ముడు మాత్రం, బొమ్మలన్నీ ఏఐ వేసేస్తుంటే ఆ రంగంలో ఇంకేం మిగులుతుందంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపింది మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలే. బొమ్మలు వేసే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. గీత వెనకాల ఏం జరుగుతోందని అడిగేవాళ్లు అరుదు. ఆ ప్రశ్నలకు ఇంట్లో ఇంకా జవాబు దొరికినట్టు లేదు కాబట్టి ముందు అవే చెప్తాను. కోర్సు సంగతి అందులోంచే తేలుతుంది.

1963 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే 24 ఏళ్ల కుర్రాడు పీహెచ్‌డీ కోసం, తెర మీద బొమ్మలు గీసే స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాసి చూపించాడు. ఆ రోజుల్లో కంప్యూటర్‌తో పని అంటే పంచ్ కార్డుల కట్ట అప్పజెప్పి, జవాబు కోసం గంటల తరబడి కాచుక్కూర్చోవడమే. అతనికి మాత్రం లింకన్ ల్యాబొరేటరీలో టీఎక్స్-2 అనే పెద్ద యంత్రం ముందు ఒంటరిగా కూర్చుని పనిచేసే అవకాశం దొరికింది. చేతిలో లైట్ పెన్ ఉండేది. పేరు చూసి అది వెలుగు చిమ్ముతుందనుకుంటాం గానీ, నిజానికి అది వెలుగును చూస్తుంది. తెర మీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. వాటిలో ఏది వెలిగినప్పుడు పెన్‌కు కనిపించిందో తెలిస్తే, పెన్ ఎక్కడుందో యంత్రానికి తెలిసిపోతుంది.

ఇక గీత సంగతి. బటన్ నొక్కగానే గీతకు ఒక కొస అక్కడ పాతుకుపోతుంది. రెండో కొస పెన్ వెంట తిరుగుతుంది. గీత రబ్బరు బ్యాండులా సాగుతుందని సదర్లాండే తన థీసిస్‌లో వర్ణించాడు. పెన్‌ను చటుక్కున విదిలిస్తే గీత అక్కడితో ఆగిపోతుంది. యంత్రం దాచుకునేది రెండు కొసలు ఎక్కడున్నాయన్నదే. పెన్ కదిలిన ప్రతిసారీ రెండో కొస మారుతుంది, గీతను మళ్లీ గీస్తుంది. ఇది మనకు అర్థం కానంత వేగంగా జరగడం వల్ల సాగుతున్నట్టు అనిపిస్తుంది. మీ అమ్మాయి ట్యాబ్‌లో వేలు లాగినప్పుడు జరిగేదీ ఇదే.

కానీ స్కెచ్‌ప్యాడ్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వేరే ఉంది. వంకరటింకరగా నాలుగు గీతలు గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ లంబంగా ఉండాలి అని షరతు పెడితే, అది తనంతట తానే సర్దుకుని చక్కటి దీర్ఘచతురస్రం అయ్యేది. దానికోసం ప్రోగ్రామ్ ప్రతి షరతూ ఎంత తప్పిందో ఒక సంఖ్యగా కొలిచి, ఆ తప్పుల్ని తగ్గించుకుంటూ పోయేది. అంతేకాదు, ఒక మూలబొమ్మ గీసి దానికి ఎన్ని ప్రతులైనా పెట్టుకోవచ్చు. మూలాన్ని దిద్దితే ప్రతులన్నీ మారిపోయేవి. ఈ రోజు యాప్ తెరలు డిజైన్ చేసేవాళ్లు కాంపొనెంట్ అని పిలుచుకునేది ఇదే. ఒక్క మనిషి, ఒక్క థీసిస్! ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

దీనికి అతను వాడిన సరుకులో సగం మీ అమ్మాయి ఇంటర్‌లో చదివేసింది. ఇంకో ఉదాహరణ చూడండి. 1962లో ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ ముందు ఓ చిక్కు వచ్చిపడింది. ఏటవాలు గీతను చుక్కల గడుల్లో ఎలా నింపాలి? వాలు లెక్కేస్తే దశాంశాలు వస్తాయి, అప్పటి యంత్రాలకు అది భారం. అతను లెక్కను అటూ ఇటూ తిప్పి, పూర్ణాంకాల కూడికలూ తీసివేతలతోనే తర్వాతి చుక్క పక్క గడిలోనా, ఒక మెట్టు పైనా అని తేల్చే పద్ధతి కనిపెట్టాడు. 1965లో అది అచ్చయింది. దాని కింద ఉన్నది ఆమె చదివిన సరళరేఖ పాఠమే. ఆ పాఠాన్ని పరీక్షలో బిట్ ప్రశ్నల కోసం బట్టీ పట్టించకుండా, ఒక్కసారి గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతూ చేయించి చూడండి.

రంగుల దగ్గరికి వద్దాం. 1973లో జెరాక్స్ వారి పార్క్ పరిశోధనాలయంలో రిచర్డ్ షూప్ రంగులతో బొమ్మలేసే సూపర్‌పెయింట్‌ను తయారుచేశాడు. స్కెచ్‌ప్యాడ్ గీతల కొసల్ని దాచుకుంటే, ఇది తెర మీద ప్రతి చుక్క రంగునూ దాచుకుంది. అడ్డంగా 640, నిలువుగా 480, మొత్తం 3,07,200 చుక్కలు, ఒక్కోదానికి ఒక్కో బైటు. ఆ రోజుల్లో అంత మెమరీ పెట్టడమే పెద్ద సాహసం. అక్కడే పనిచేసిన ఆల్వీ రే స్మిత్ కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు, స్వయంగా చిత్రకారుడు. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని యంత్రం లెక్కలో చెప్తే బొమ్మలేసేవాళ్లకు పట్టుబడదని అతనికి తెలుసు. అందుకే ఏ రంగు, ఎంత గాఢం, ఎంత వెలుగు అని అడిగే హెచ్‌ఎస్‌వీ పద్ధతిని రూపొందించాడు. మీ అమ్మాయి యాప్‌లో రంగుల చక్రం తిప్పుతుంటే ఆమె వాడుతున్నది ఆ ఆలోచననే. గణితం మాత్రమే తెలిసినవాడికో, కుంచె మాత్రమే తెలిసినవాడికో ఆ అవసరం తట్టేది కాదని నా నమ్మకం.

అన్‌డూ ప్రశ్నకు 1984 నాటి మ్యాక్‌పెయింట్‌తో జవాబు చెప్పొచ్చు. ఆపిల్ వారి మ్యాకింటాష్ కంప్యూటర్ కోసం బిల్ అట్కిన్సన్ రాసిన, బొమ్మలేసే ప్రోగ్రామ్ అది. మొత్తం మెషీన్‌కు ఉన్న మెమరీ 128 కిలోబైట్లు. అంత ఇరుకులోనూ అతను బొమ్మను రెండు చోట్ల ఉంచాడు. ఒకచోట ఇప్పటి బొమ్మ, ఇంకోచోట చివరి పనికి ముందున్న బొమ్మ. అన్‌డూ అంటే ఆ పాతదాన్ని తిరిగి తెచ్చుకోవడమే. అయితే అలా ఒక్క అడుగే వెనక్కి వెళ్లగలం. వంద అడుగులు వెళ్లాలంటే ఏం దాచాలి, బొమ్మలనా, చేసిన పనులనా? ఈ ప్రశ్న ఆమెనే అడగండి. ఆ జవాబు నాకూ వినాలనుంది.

ఇక చదువు సంగతి. బొమ్మలతో బతికే దారులు రెండని మీరనుకుంటున్నారు: ఒకటి కోడింగ్, ఇంకోటి కళ. మధ్యలో మూడోది ఉంది, గీసేవాళ్లకు పనిముట్లు తయారుచేసే దారి. డ్రాయింగ్ యాప్‌లు, బిల్డింగు ప్లాన్‌లు వేసే క్యాడ్ సాఫ్ట్‌వేర్, గేమ్ ఇంజిన్‌లు, వైద్యులు స్కాన్‌లు చూసే తెరలు అన్నీ అందులోకే వస్తాయి. ఉత్తరంలో మీరు రాసిన ప్రశ్నల్ని బట్టి ఆమె మనసు అటే లాగుతోందనిపిస్తోంది. అదే నిజమైతే వాళ్ల నాన్న మాటే సరి. సీఎస్‌ఈ తీసుకుని మాత్రికలు, వెక్టర్లు, కాలిక్యులస్ గట్టిగా చదవాలి, గ్రాఫిక్స్ ఎలక్టివ్ వదలకూడదు, బొమ్మలు వేయడం అసలే మానకూడదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో దృశ్య సమాచారం మీదే పనిచేసే సీవీఐటీ అనే పరిశోధనా కేంద్రం ఉంది. వాళ్లు ఏం చేస్తున్నారో ఇప్పటి నుంచే చూస్తూ ఉండమనండి.

అలా కాక, ఆమెకు గీత కన్నా దాంతో చెప్పే కథ ముఖ్యమైతే మీ మాటే సరి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీ ఉంది. దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, సాధారణంగా జనవరిలో జరుగుతుంది, ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ అనే జాతీయ డిజైన్ సంస్థ ఉంది, దాని ప్రవేశ పరీక్ష వేరు. మీకు ఒక్క జాగ్రత్త చెప్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుందో నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే ఆరునెలల కోర్సులతో ఆపేయకండి. నేనే ఒకప్పుడు ఒక అబ్బాయిని అలాంటి చోటికి పంపాను. సాఫ్ట్‌వేర్ మారేసరికి అతను నేర్చుకున్నదంతా పాతబడిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

మీ తమ్ముడి భయం ఉత్తదేం కాదు. చెప్పినట్టు బొమ్మ వేసిచ్చే మామూలు పనుల్లో కొంత ఏఐకి పోతుంది. కానీ ఆ ఏఐ శిక్షణ కూడా తప్పును సంఖ్యగా కొలిచి తగ్గించుకుంటూ పోవడమే. స్కెచ్‌ప్యాడ్ షరతుల దగ్గర మనం చూసిన ఆలోచనకు అది దూరపు చుట్టం కాదు. పైగా ఏఐ వేసిన బొమ్మలో ఈ చేయి మాత్రం కాస్త పైకి జరపాలనుకున్నప్పుడు, మనిషి చేతికి పట్టు దొరికే పనిముట్టు కావాలి. అది చేసేవాళ్లకు పని ఉంటుంది.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. పరీక్షలు అయ్యాక పది రోజులు ఆమెకు వదిలేయండి. కంప్యూటర్‌లో జావాస్క్రిప్ట్‌తోనో పైథాన్‌తోనో తనే ఒక ప్రోగ్రామ్ రాయాలి: మౌస్ నొక్కితే గీత మొదలవ్వాలి, లాగితే సాగాలి, వదిలితే ఆగాలి. తర్వాత దానికి అన్‌డూ చేర్చాలి. ఓపిక ఉంటే ఒక మూలబొమ్మా, దాని ప్రతులూ. ఎక్కడైనా అడ్డం పడినప్పుడు అన్నం కూడా మర్చిపోయి కూర్చుంటే ఒక లెక్క. ప్రోగ్రామ్ పక్కనపెట్టి మళ్లీ బొమ్మల్లో పడిపోతే ఇంకో లెక్క. రెండూ మంచివే, ఏదైనా మందలించకండి. వీలైతే వాళ్ల నాన్నను కూడా పక్కన కూర్చోమనండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్లు పెట్టే లోపు, ఆమె ఎక్కడిదాకా వెళ్లిందో, వంద అడుగుల అన్‌డూకు ఏం జవాబు చెప్పిందో నాకు రాయండి. అప్పుడు కాలేజీల పేర్లు మాట్లాడుకుందాం.